సముద్రం చూడని పిల్లల్ని విశాఖ క్యాంపుకి ఎలా సిద్ధం చేయాలి?

నమస్తే అండీ. కూకట్‌పల్లిలో సైన్స్ టీచర్ని. వచ్చే నెల మా ఎనిమిదో తరగతి పిల్లలు 32 మందిని సముద్ర జీవుల క్యాంపుకి విశాఖ తీసుకెళ్తున్నాం, ఒక రాత్రి అక్కడే బస. వీళ్లలో చాలామందికి తెలిసిన పెద్ద నీళ్లంటే హుస్సేన్‌సాగరే.

ఆటు సమయంలో రాళ్ల గుంటల్లో పీతలు, నత్తలు చూపించాలని నా ఆశ. ఆటుపోట్లు రోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి కాబట్టి వేళలు ముందే చూసుకుంటున్నాను. పాచి రాళ్ల మీద జారకుండా ఎలాంటి చెప్పులు వేయించాలి? జీవుల్ని పీకకుండా, రాయి ఎత్తితే మళ్లీ అలాగే పెట్టేలా క్లాసులో ఎలా అలవాటు చేయాలి?

అన్నిటికన్నా టెన్షన్ రాత్రి గురించే. అమ్మని వదిలి ఎప్పుడూ పడుకోని పిల్లలున్నారు. ఇలా తీసుకెళ్లినవాళ్లు ఏం చేశారో చెప్పండి, ప్లీజ్.