స్కూబా నావిగేషన్ శిక్షణకు కంపాస్, స్లేట్, పెన్సిల్: ఏవి తీసుకోవాలి?

తిరుచానూరు కుర్రాడు
అందరికీ నమస్కారం. స్కూబా మొదటి మెట్టు, ఓపెన్ వాటర్ కోర్సు అయిపోయింది. వచ్చే నెల పుదుచ్చేరిలో పాడి (PADI, డైవింగ్ శిక్షణ సంస్థ) వాళ్ల అడ్వాన్స్‌డ్ కోర్సులో చేరుతున్నాను. అందులో డీప్ డైవ్, నావిగేషన్ డైవ్ రెండూ తప్పనిసరి. కంపాస్ సెంటర్ వాళ్లే ఇస్తామన్నారు గానీ, సొంతది ఉంటే ముందే చేతికి అలవాటవుతుంది కదా. చేతికి కట్టుకునేది మంచిదా, గొట్టం చివర గాలి గేజ్‌తో పాటు కన్సోల్‌లో (ఒకే డబ్బాలో) ఉండేదా? నీళ్లలో రాయడానికి మీరేం వాడుతున్నారు?

జలచరం
తమ్ముడూ, ముందు కంపాస్‌ను ఏ ప్రాంతానికి బ్యాలెన్స్ చేశారో అడుగు. ఉత్తర యూరప్ లాంటి చోట్ల భూమి అయస్కాంత క్షేత్రం ముల్లు ఉత్తరపు కొసను గట్టిగా కిందికి లాగుతుంది. అది సమంగా నిలబడాలని రెండోవైపు బరువు పెడతారు. మన దగ్గర ఆ లాగుడు చాలా తక్కువ. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణ కొస దగ్గరగానే పోతుంది. అందుకని అక్కడి కోసం చేసిన కంపాస్ ఇక్కడ ఒకపక్కకు ఒరుగుతుంది. నీళ్లలో చేయి కాస్త వంగితే చాలు, డయల్ మూతకు రాసుకుని ఆగిపోతుంది. ఆగిందని మనకు తెలియదు, దారి సరిగ్గానే ఉందనుకుని ఈదుతూ పోతాం. అసలు భయం అదే.

కాబట్టి ఎక్కువ వంపును తట్టుకునేది చూడు. సుంటో ఎస్‌కె-8 అయితే 30 డిగ్రీలు వంచినా తిరుగుతుంది. కొనేటప్పుడు అరచేతిలో పెట్టుకుని, కొద్దిగా వంచి, నిలబడ్డ చోటే నిదానంగా ఒక చుట్టు తిరుగు. డయల్ ఎక్కడా తట్టుకోకూడదు. పక్క కిటికీలో అంకెలు చదవగలగాలి. బెజెల్ (చుట్టూ తిప్పే వలయం) వదులుగా జారిపోకూడదు.

చిత్తూరు మామిడి
కన్సోల్ వద్దనే నా మాట. చదవాలంటే ప్రతిసారీ గొట్టం లాక్కోవాలి, సమంగా పట్టుకోవడం కష్టం. చేతి కంపాసే మేలు. పట్టీకి బదులు సాగే తాడు వేయించుకోండి. లోతుకు పోయే కొద్దీ వెట్‌సూట్ (ఒంటికి వేసుకునే రబ్బరు డ్రెస్) నొక్కుకుపోతుంది, పట్టీ వదులై కంపాస్ మణికట్టు చుట్టూ తిరుగుతుంది. సాగే తాడు అయితే బిగుతుగానే ఉంటుంది.

పట్టుకునే తీరు కూడా ముఖ్యం. కంపాస్ ఎడమ చేతికి ఉంటే కుడి చేయి ముందుకు చాచి, ఎడమ చేత్తో కుడి మోచేతిని పట్టుకోవాలి. అప్పుడు కంపాస్ ముఖానికి ఎదురుగా వస్తుంది, కంపాస్ మీది లబ్బర్ గీత (మనం పోయే దిశ చూపే గీత) ఒంటి మధ్యరేఖతో కలుస్తుంది. గీత కాస్త పక్కకున్నా, కంపాస్ ఎంత మంచిదైనా, మనం పక్కదారి పడతాం. స్టీలు సిలిండర్, టార్చి, పక్కవాడి కంపాస్ దగ్గరికొస్తే ముల్లు కదులుతుంది. అల్యూమినియం సిలిండర్‌తో ఆ గొడవ లేదు.

తిరుచానూరు కుర్రాడు
థాంక్స్ అన్నా. లోతు, సమయం చూపే డైవ్ కంప్యూటర్‌లో డిజిటల్ కంపాస్ ఉంటుంది కదా, అది సరిపోదా?

జలచరం
నేర్చుకునేటప్పుడు ముల్లుతోనే నేర్చుకో. డిజిటల్‌ను క్యాలిబ్రేట్ చేస్తుండాలి (దిశ సరిగ్గా చూపేలా సరిచేసుకోవాలి), బ్యాటరీ మార్చాక మళ్లీ చేయాల్సి రావచ్చు. దాన్ని తర్వాత తోడుగా పెట్టుకో.

కపిలతీర్థం పద్మ
రాసే సామాను గురించి నేను చెబుతాను. పెన్నులు, స్కెచ్‌లు వద్దు, తడి ప్లాస్టిక్ మీద సిరా నిలవదు. మామూలు గ్రాఫైట్ పెన్సిలే నీళ్లలో చక్కగా రాస్తుంది. కాకపోతే చెక్క పెన్సిల్ నానితే జిగురు వదిలి నిలువునా రెండు చెక్కలై, లోపలి సీసం జారి పడిపోతుంది. మన తిరుపతి గాంధీ రోడ్డు స్టేషనరీ షాపుల్లో చెక్క లేని గ్రాఫైట్ పెన్సిల్ ఉందేమో అడుగు. దొరక్కపోతే చెక్క పెన్సిలే చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో డైవ్‌కు ఒకటి తీసుకుపో. మెకానికల్ పెన్సిల్‌లో స్ప్రింగు ఉప్పునీళ్లకు తుప్పు పడుతుంది. ఏదైనా స్లేట్‌కు దారంతో కట్టడం మరవొద్దు.

స్లేట్ తెల్ల ప్లాస్టిక్‌ది చాలు. కొత్తది మరీ నున్నగా ఉంటుంది, పెన్సిల్ జారుతుంది. సన్న గరుకు కాగితంతో ఒకసారి రుద్దితే గీత నల్లగా పడుతుంది. డైవ్ అయ్యాక విమ్ పొడితోనో టూత్‌పేస్ట్‌తోనో తోమితే పోతుంది. వెట్‌నోట్స్ పుస్తకం (నీళ్లలో రాసుకునే నోట్‌బుక్) కూడా బాగుంటుంది గానీ, శిక్షణలో పేజీలు తిప్పే తీరిక ఉండదు. చేతికి కట్టుకునే చిన్న స్లేటే హాయి.

ఇంకోటి, ఒడ్డు మీదే గడులు గీసేయ్: దిశ, కిక్‌లు (ఎన్నిసార్లు కాళ్లు ఆడించామో), లోతు, గుర్తు. దిశలూ ముందే రాసేయ్. 60 డిగ్రీలతో మొదలై కుడికి తిరుగుతూ ఈదే దారి చతురస్రమైతే 60, 150, 240, 330. త్రిభుజమైతే 60, 180, 300. తిరుగు దారికి 180 కలపాలి, 360 దాటుతుందంటే 180 తీసేయాలి. కింద టెన్షన్‌లో లెక్క తప్పడం మామూలే, అందుకే చెబుతున్నా.

చిత్తూరు మామిడి
పద్మక్క చెప్పింది అక్షరాలా నిజం. కంపాస్‌ను మన ఎండల్లో కారు డాష్‌బోర్డు మీద వదిలేయొద్దు. లోపలి ద్రవం వ్యాకోచించి సీలు దెబ్బతింటుంది. చిన్న బుడగ కనిపిస్తే ఫర్వాలేదు. రోజురోజుకూ పెరుగుతుంటే లీకు ఉన్నట్టే. డైవ్ అయ్యాక మంచినీళ్లలో నానబెట్టి బెజెల్ తిప్పుతూ కడగాలి, లేకపోతే ఉప్పు పేరుకుని బిగుసుకుపోతుంది.

తిరుచానూరు కుర్రాడు
ఇక్కడ సముద్రం లేదు, ప్రాక్టీసు ఎట్లా?

జలచరం
తారకరామ స్టేడియం చాలు. పొద్దున జనం లేనప్పుడు వెళ్లి, తల మీద తువ్వాలు కప్పుకుని కంపాస్ మాత్రమే కనబడేలా నడువు. చతురస్రం వేసి మొదలైన చోటికి వస్తున్నావా చూడు. ఇనుప కంచెలకు, బెంచీలకు దూరంగా ఉండు. కిక్‌ల లెక్క మాత్రం నీళ్లలోనే కుదురుతుంది: 30 మీటర్ల తాడు పరిచి, మామూలు వేగంతో ఎన్ని కిక్‌లు పడుతున్నాయో లెక్కబెట్టి స్లేట్ మూలన రాసుకో.

తిరుచానూరు కుర్రాడు
సరే అన్నా. చెన్నై వెళ్లి చేతిలో పట్టుకుని చూసే కొంటాను. ఆదివారం పొద్దున స్టేడియంలో ఉంటా, ఎవరైనా వస్తారా?

కపిలతీర్థం పద్మ
నేనొస్తా. గుర్తు పెట్టడానికి నాలుగు ప్లాస్టిక్ బాటిళ్లు తెస్తాను. నువ్వు తువ్వాలు, స్లేటు తెచ్చుకో.