ఏజెంట్‌కి పాత తప్పులు గుర్తుచేసే మెమరీ టూల్ కావాలా, టెస్టులు చాలవా?

వెంకట్_డీబీ
జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) ప్రాజెక్టు. కోడ్ రాసే ఏఐ ఏజెంట్ సెషన్ మూయగానే అన్నీ మర్చిపోయి, చేసిన తప్పే మళ్లీ చేస్తోంది. పాఠాలు దాచి, అవసరానికి వెతికి తెచ్చే మెమరీ టూల్ పెట్టాలని కొందరంటున్నారు. ఒక్కో తప్పుకీ ఒక టెస్ట్ రాస్తే చాలని కొందరు. మీరేమంటారు?

లాగ్‌చూడు
మెమరీయే పెట్టండి. 2023లో వచ్చిన రిఫ్లెక్షన్ పేపర్ చేసింది ఇదే. పని ఫెయిలైతే కారణాన్ని మోడల్ మాటల్లో రాసుకుంటుంది, తర్వాతి ప్రయత్నానికి ముందు చదువుకుంటుంది. మోడల్ లోపలి అంకెలు (వెయిట్లు) మారవు. కోడ్ రాయించి చూసే హ్యూమన్‌ఇవాల్ పరీక్షలో జీపీటీ-4కి 80 శాతం వస్తే దీనికి 91 వచ్చింది. మీరు చేయాల్సిందల్లా ప్రతి పాఠానికీ ఏ టూల్, ఏ ఫైలు, ఎర్రర్ మొదటి వరుస, ఏం చేస్తే కుదిరింది అన్నవి ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పెట్టి ఎంబెడింగ్ (అర్థాన్ని పోల్చడానికి వీలైన అంకెల వరుస) తీయడం. పని మొదట్లో దగ్గరి 3 పాఠాలు ప్రాంప్ట్‌లోకి. పోలిక 0.8 దాటితేనే.

టెస్టులే_దిక్కు
0.8 ఎక్కడి నుంచి వచ్చిందండీ? ఎంబెడింగ్ మోడల్ మారితే ఆ అంకెకి విలువే లేదు. ఒకదాంట్లో సంబంధం లేని వాక్యాలకే 0.7 వస్తుంది, ఇంకోదాంట్లో సరైన జోడీకి 0.5 కూడా రాదు. పైగా "ఇది వాడు", "ఇది వాడకు" రెండూ పక్కపక్కనే తేలతాయి. మీరు చెప్పిన పేపర్లో కూడా కోడ్ తప్పిందని చెప్పింది టెస్టులే, మోడల్ తనకు తాను రాసుకున్నవి. మెమరీలో ఉంచింది 1 నుంచి 3 పాఠాలే, అవీ అప్పుడు చేస్తున్న సమస్యవే. నెలల తరబడి పోగైన లాగ్‌కి దాన్నెలా అంటగడతారు?

లాగ్‌చూడు
0.8 నచ్చకపోతే తీసేయండి. బీఎం25 (మాటల పోలికతో వెతికే పద్ధతి) జాబితా, ఎంబెడింగ్ జాబితా తీసి ర్యాంకులతో కలపండి. స్కోర్లు పోల్చే పనే ఉండదు.

రేఖ_ఆప్స్
ఎర్రర్ నుంచి లైన్ నంబర్లు, ఫైల్ పాత్‌లు, టైమ్‌స్టాంపులు తీసేసి హ్యాష్ చేయండి, అంటే మిగిలిన మాటలకి ఒక గుర్తు కోడ్ తీయండి. అదే ఎర్రర్ మళ్లీ వస్తే నేరుగా దొరుకుతుంది.

డాలస్_శీను
పాఠాలు ఇంగ్లిష్‌లోనే దాచండి. తెలుగులో రాస్తే చాలా మోడళ్లలో టోకెన్లు (మోడల్ చదివే ముక్కలు) బాగా ఎక్కువవుతాయి.

టెస్టులే_దిక్కు
రేఖ గారూ, హ్యాష్ పనిచేసేది ఎర్రర్ వచ్చాకే. అప్పటికి తప్పు జరిగిపోయింది. "కస్టమర్ టేబుల్లో ఫోన్ నంబర్‌తో వెతకడం వేగంగా చెయ్" అన్న పనికీ, ట్రాన్సాక్షన్ (అన్నీ జరగాలి, లేదా ఏదీ జరగకూడదు అనే డేటాబేస్ పనుల కట్ట) గురించిన పాత ఎర్రర్‌కీ ఒక్క మాట పోలిక లేదు. పని మొదట్లో వెతికితే ఏం దొరుకుతుంది?

లాగ్‌చూడు
అందుకే వెతకాల్సింది టూల్ పిలిచే ముందు అంటాను. ఏజెంట్ మైగ్రేషన్ ఫైలు (డేటాబేస్ నిర్మాణాన్ని మార్చే కోడ్) ముట్టుకుంటే ఆ ఫోల్డర్‌కి కట్టిన పాఠాలు తెరుచుకోవాలి. పోలికతో పనే లేదు.

టెస్టులే_దిక్కు
సరే, పాఠమే తప్పయితే? ఇది చూడండి. పెద్ద టేబుల్ మీద రాతలు ఆగకుండా ఇండెక్స్ (త్వరగా వెతకడానికి సూచిక) వేయాలంటే పోస్ట్‌గ్రెస్‌లో కాంకరెంట్లీ అని రాయాలి. అది ట్రాన్సాక్షన్ లోపల నడవదు. జాంగో మాత్రం పోస్ట్‌గ్రెస్‌లో మైగ్రేషన్‌ని ట్రాన్సాక్షన్‌లోనే నడుపుతుంది. ఎర్రర్ వస్తుంది. సరైన మందు ఆ మైగ్రేషన్ క్లాసులో అటామిక్‌ని ఫాల్స్ చేయడం. ఏజెంట్ ఏం చేస్తుంది? కాంకరెంట్లీ మాటే తీసేస్తుంది. టెస్ట్ డేటాబేస్‌లో పట్టుమని వంద వరుసలుండవు, క్షణంలో పాసవుతుంది. "కాంకరెంట్లీ వాడకు, ఎర్రర్ వస్తుంది" అని పాఠం పడుతుంది. ప్రొడక్షన్‌లో ఆ ఇండెక్స్ పూర్తయ్యేదాకా టేబుల్‌లోకి రాతలన్నీ ఆగిపోతాయి. మీరు చెప్పిన పద్ధతిలో ఆ పాఠం ప్రతి మైగ్రేషన్ ముందూ తెరుచుకుంటుంది.

లాగ్‌చూడు
రివ్యూ చేయని టీముల గోల తెచ్చి టూల్ మీద రుద్దకండి! మీ ఉదాహరణలో టెస్టులు కూడా పాసయ్యాయి కదా. మరి టెస్టులే దిక్కు ఎలా అయింది?

టెస్టులే_దిక్కు
నేను రాయమనేది ఆ టెస్ట్ కాదు. మైగ్రేషన్ ఫైల్లో కాంకరెంట్లీ లేని ఇండెక్స్ కనిపిస్తే సీఐ (కోడ్ చేర్చేముందు తనంతట తానే తనిఖీలు నడిపే వ్యవస్థ) ఆపేయాలి. ఆ నియమం మనిషి రాస్తాడు. ఏజెంట్‌కి దాన్ని తిరగరాసే వీలుండదు. నా అభ్యంతరం వెతకడం మీద కాదండీ. తప్పు చేసినవాడే పాఠం రాసి, తనే ఆమోదించుకోవడం మీద.

లాగ్‌చూడు
ఇది మొదటి పోస్టులోనే అనాల్సింది. మనిషి ఆమోదించే వరస పెడితే, పాఠాలు కుప్ప పడతాయి, ఎవరూ చూడరు. చివరికి మెమరీ ఖాళీ. పైగా అన్ని పాఠాలూ సీఐ నియమాలు కావు. "ఈ ఏపీఐ పేజీకి 100 వరుసలే ఇస్తుంది, తర్వాతి పేజీ అడగాలి" అన్నదానికి ఏ లింట్ (కోడ్‌ని నడపకుండానే చూసే తనిఖీ) రాస్తారు?

రేఖ_ఆప్స్
డేటా చదవడం వరకే ఉండే పనుల పాఠాలు ఏజెంట్ రాసుకోనివ్వండి. డేటాబేస్, డిప్లాయ్ ఫోల్డర్ల పాఠాలు రిపోలోనే (కోడ్ ఉండే చోటే) ఫైలుగా పెట్టి పుల్ రిక్వెస్ట్‌తోనే, అంటే మార్పుని ఇంకో మనిషి చూసి ఒప్పుకున్నాకే మారనివ్వండి. ప్రతి పాఠం పక్కన లైబ్రరీ వెర్షన్ రాయండి. వెర్షన్ మారితే పాఠం పక్కకి పోవాలి.

టెస్టులే_దిక్కు
డేటాబేస్ వరకు ఒప్పుకుంటాను. ఆ పేజీల పాఠం కూడా తప్పయితే రిపోర్టులో సగం వరుసలు రావు, ఎర్రరూ రాదు. అదీ పుల్ రిక్వెస్ట్‌లోనే రావాలి.

లాగ్‌చూడు
నేను ఒప్పుకోను. వెంకట్ గారూ, మీ దగ్గర పుల్ రిక్వెస్టులు చూసేది ఎంతమంది? ముందు అది చెప్పండి.