అప్‌డేట్: పటోంగ్ వెళ్లొచ్చాం

థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ దీవిలో ఐదు రోజులూ పటోంగ్ బీచ్ దగ్గరే ఉండొచ్చా, ఏప్రిల్ ఎండకీ జనానికీ తట్టుకోగలమా అని ఇక్కడ మిమ్మల్ని అడిగాను కదా, వెళ్లొచ్చాం.

మధ్యాహ్నం బయటికి రావద్దన్నవాళ్ల మాట అక్షరాలా నిజం. మొదటిరోజు వినకుండా పన్నెండింటికి బీచ్‌కి వెళ్లాం. చెప్పులు విప్పి ఇసుకలో దిగిన మా ఆయన నాలుగడుగులు గెంతుతూ వేసి, ఐదో అడుగుకి వెనక్కి పరిగెత్తుకొచ్చారు. ఆ దెబ్బతో పొద్దున్నే సముద్రం, మధ్యాహ్నం ఏసీ గదిలో నిద్ర, సాయంత్రం షికారు అని పెట్టుకున్నాం.

పటోంగ్‌లో రాత్రిపూట బార్లు, పాటలతో హోరెత్తే బంగ్లా రోడ్డు ఒక్కసారి చూడ్డానికి సరదాగా ఉంది, అంతే. ఆ హోరులో ఇద్దరం సైగలతోనే మాట్లాడుకున్నాం. మాకు బాగా నచ్చింది మాత్రం ఫుకెట్ పాత టౌన్. తలాంగ్ రోడ్డులో ఆదివారం సాయంత్రం సంత పెడతారు. రంగురంగుల పాత సైనో-పోర్చుగీస్ (చైనా, పోర్చుగీసు శైలులు కలిసిన) మేడల ముందు రోడ్డంతా దుకాణాలే. కొబ్బరిచిప్పలో పెట్టిచ్చిన ఐస్‌క్రీమ్ నేను ఫోటో తీసేలోపే కరిగి మోచేతిదాకా కారింది.

టుక్‌టుక్ దగ్గర మాత్రం దెబ్బతిన్నాం. ఎక్కేముందే రేటు మాట్లాడుకోమని మీరు చెప్పినా మర్చిపోయాను, తప్పు నాదే. తిరుగు ప్రయాణానికి యాప్‌లో కారు పిలిస్తే టుక్‌టుక్‌కి ఇచ్చినదాంట్లో సగం కూడా కాలేదు.

మళ్లీ వెళ్తే రెండు రాత్రులు పాత టౌన్‌లో, మిగతావి కాటా బీచ్ వైపు ఉంటాం.