మిర్చి బాండ్లకు బ్లాక్‌చెయిన్ పనికొస్తుందా, ఉత్త హడావుడేనా?

బ్రాడీపేట కుర్రాడు:
గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలో మిర్చి పెడితే బాండు అనే రసీదు ఇస్తారు. రైతు దాన్ని బ్యాంకులో పెట్టి అప్పు తెచ్చుకుంటాడు. ఒకే సరుకు మీద రెండు చోట్ల అప్పు పుట్టించారని, సరుకు వెళ్లిపోయినా బాండు మాత్రం బ్యాంకులోనే ఉందని గొడవలు వింటూనే ఉంటాం. బాండ్లను బ్లాక్‌చెయిన్‌లో పెడితే ఇవి ఆగుతాయని నా వాదన. అందులో స్టోరేజీ, బ్యాంకు, ఎగుమతిదారు, అందరి దగ్గరా ఒకే లెడ్జర్ (లెక్కల పుస్తకం) నకలు ఉంటుంది. లెక్కలను బ్లాకులుగా, అంటే కట్టలుగా పేరుస్తారు; ప్రతి బ్లాకులోనూ దాని ముందు బ్లాకు హ్యాష్, అంటే ఆ లెక్కల నుంచి పుట్టే వేలిముద్ర లాంటి కోడ్, ఉంటుంది కాబట్టి పాత అంకె ఒక్కటి మార్చినా ఆ తర్వాతవేవీ కలవవు. బిట్‌కాయిన్ కొనమని చెప్పడం లేదు, కంగారు పడకండి.

కమిషన్ కొట్టు:
తమ్ముడూ, రాసింది మార్చలేరు, బాగుంది. రాసేటప్పుడే తప్పు రాస్తే? తాలు (రంగు పోయిన కాయ) కలిసిన తేజ రకం మిర్చిని మేలు రకమని ఎక్కిస్తే ఆ అబద్ధం చెరగకుండా ఉండిపోతుంది. యార్డులో తగాదా వచ్చేది కాటా దగ్గర, తేమ దగ్గర. కంప్యూటర్ దాకా వచ్చేసరికి జరగాల్సింది జరిగిపోయి ఉంటుంది.

బెజవాడ డేటాబేస్:
అసలు బ్లాక్‌చెయిన్ దేనికండీ? గిడ్డంగులను నియంత్రించే కేంద్ర సంస్థ డబ్ల్యూడీఆర్‌ఏలో నమోదైన గిడ్డంగులకు 2017 నుంచే ఎలక్ట్రానిక్ రసీదులున్నాయి. తాకట్టు పెడితే ఆ రసీదుల లెక్క ఉంచే రిపాజిటరీలో నమోదవుతుంది, రెండో బ్యాంకుకు కనిపిస్తుంది. మామూలు డేటాబేస్‌తోనే ఆ పని జరుగుతోంది. 2016లో వచ్చిన యూపీఐ కూడా బ్లాక్‌చెయిన్ కాదు, అయినా టీకొట్టు దాకా వెళ్లింది. ఓడల కంపెనీ మర్స్క్, కంప్యూటర్ కంపెనీ ఐబీఎం కలిసి ఓడ సరుకుల కోసం 2018లో ట్రేడ్‌లెన్స్ అనే బ్లాక్‌చెయిన్ వేదిక పెట్టాయి. 2022లో మూసేస్తున్నామన్నాయి. పోటీ కంపెనీలు తమ లెక్కలు మర్స్క్ ఉన్న చోట పోయడానికి మొదట్నుంచీ జంకాయి మరి.

బ్రాడీపేట కుర్రాడు:
అన్నా, అది టెక్నాలజీ ఓటమి కాదు, పెత్తనం ఎవరిదన్న తగువు. రిపాజిటరీ మన దేశం వరకు సరే. సరుకు ఓడెక్కాక? అఫ్లాటాక్సిన్ (బూజు వల్ల పుట్టే విషం), పురుగుమందుల అవశేషాల రిపోర్టు ఈ లాటుదేనని విదేశీ కొనుగోలుదారుడు ఎలా నమ్మాలి? వాల్‌మార్ట్ ప్రయోగంలో ఒక మామిడిపళ్ల ప్యాకెట్ ఏ తోటదో కనుక్కోవడానికి మొదట దాదాపు 7 రోజులు పట్టింది, బ్లాక్‌చెయిన్‌తో 2.2 సెకన్లు. స్పైసెస్ బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ కూడా 2021లో మన రాష్ట్రంలో మిర్చి, పసుపు రైతులతో ఇలాంటి పైలట్ తలపెట్టాయి.

పెదకూరపాడు రైతు:
మీరిద్దరూ చదువుకున్నోళ్లు, నాది ఒక్కటే ప్రశ్న. నేను ఏ మందు ఎన్నిసార్లు కొట్టానో కొనేవాడికి తెలుస్తుంది. అదే సరుకు వాడు బయట ఎంతకమ్మాడో నాకు తెలుస్తుందా? తెలియకపోతే ఇది నా మీద నిఘా. పైగా దీని ఖర్చు టిక్కీకి (మిర్చి బస్తాకి) ఇంతని నాకే వేస్తారు, కొత్తేమీ కాదు. నా బాండు మీద ఎవరు ఎంత అప్పు తీశారో నా ఫోన్‌లో కనబడితే మాత్రం చాలా మేలు. ఒకరి పేరున ఉన్న సరుకు మీద ఇంకొకరు అప్పు తీసుకుంటే తెలిసేది నోటీసు వచ్చాకే.

బెజవాడ డేటాబేస్:
రైతు గారు అడిగిందే అసలు ప్రశ్న. ఇలాంటివి అనుమతి ఉన్నవాళ్లకే తెరుచుకునే లెడ్జర్లు. ఎవరు ఏది చూడాలో కట్టించినవాళ్లే రాసుకుంటారు. ఎగుమతిదారులు డబ్బు పెడితే రైతుకు అమ్మకం ధర చూపించరు, రాసిపెట్టుకోండి. తాకట్టు వరకే చేస్తామంటే నేను ఒప్పుకుంటా. అయితే దానికి పాత డేటాబేస్ చాలు.

బ్రాడీపేట కుర్రాడు:
ఆ డేటాబేస్‌లో చేరని స్టోరేజీల మాటేమిటన్నా? వాటి బాండ్లు ఇంకా కాగితమే కదా.

కమిషన్ కొట్టు:
అందులో చేరనోళ్లు ఇందులో మాత్రం ఎందుకు చేరతారు తమ్ముడూ? సరే, చేరారే అనుకో. అప్పు తీరాక బాండు విడుదల చేసే బటన్ ఎవరి చేతిలో ఉంటుంది? బ్యాంకు మేనేజర్ చేతిలోనే అయితే, ఆయన సెలవులో ఉన్న వారం తేజ ధర పడిపోతే ఆ నష్టం ఎవరు కడతారో అదీ మీ లెడ్జర్‌లో రాయించండి.