రెండేళ్ల పాపకి బెంగళూరులో డేకేర్ ఎలా వెతకాలి?

అందరికీ నమస్తే. విజయవాడ నుంచి వచ్చి పది రోజులైంది, కుందలహళ్లి గేట్ దగ్గర ఉంటున్నాం. పాపకి రెండేళ్ల మూడు నెలలు. వచ్చే నెల నుంచి నేను ఆఫీసుకి వెళ్లాలి, మా అమ్మగానీ అత్తయ్యగానీ వచ్చి ఉండే పరిస్థితి లేదు. ఎక్కడికెళ్లినా మాంటిస్సోరీ అనీ ఇంకోటనీ బ్రోచర్ చేతిలో పెడుతున్నారు. దేన్ని బట్టి ఎంచుకోవాలో తెలియక ఒకటే టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పరూ?

మారతహళ్లి నుంచి

ముందు ఆ బ్రోచర్లు పక్కన పెట్టేయండి. రెండేళ్ల పిల్లకి కావలసింది సిలబస్ కాదు, ఏడిస్తే ఎత్తుకునే మనిషి. సెంటర్ హెడ్‌తో ఐదు నిమిషాలు మాట్లాడితే చాలు, మిగతా సేపంతా ఆయమ్మని చూడండి, ఎన్నాళ్ల నుంచి పనిచేస్తోందో ఆవిడనే అడగండి. మేం అడక్క దెబ్బతిన్నాం. మా బాబుకి మీ పాప వయసప్పుడు, గోడల నిండా బొమ్మలు చూసి, డిస్కౌంట్ ఇస్తామన్నారని ఒకచోట ఏడాది ఫీజు ఒకేసారి కట్టేశాం. నాలుగు నెలల్లో ముగ్గురు ఆయమ్మలు మారారు. కొత్త మొహం కనపడ్డ ప్రతిసారీ వాడు గేటు దగ్గరే నా చున్నీ పట్టుకుని వదిలేవాడు కాదు. మానిపిస్తామంటే డబ్బు వెనక్కి రాదన్నారు. రసీదు వెనక చిన్న అక్షరాల్లో ఉంది ఆ ముక్క, చదవనిది మేమే. అందుకే నెలనెలా, మహా అయితే మూడు నెలలకోసారి కట్టించుకునే చోటే చూడండి.

ఎంతమంది పిల్లలకి ఎంతమంది పెద్దవాళ్లు అనేది తప్పకుండా అడగండి. ఆఫీసు క్రెష్‌ల (ఉద్యోగుల పిల్లల్ని పగలు చూసుకునే చోటు) కోసం కేంద్రం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో మూడేళ్లలోపు వాళ్లకి 10 మందికి ఒకరు, పైవాళ్లకి 20 మందికి ఒకరు అని ఉంది. నాకైతే ఆ పదే ఎక్కువనిపిస్తుంది, ఒక్క మనిషి పదిమందికి అన్నం తినిపించడం మీరెప్పుడైనా చూశారా? వాళ్లు ఇచ్చిన అపాయింట్‌మెంట్ టైముకి కాకుండా మధ్యాహ్నం అన్నాల వేళకి వెళ్లండి. ఎవరికి తినిపిస్తున్నారు, ఎవరి ముందు ప్లేటు పెట్టి వదిలేశారు, డైపర్ మార్చాక చేతులు కడుగుతున్నారా, అన్నీ పావుగంటలో తెలిసిపోతాయి. నీళ్లు బోరువా, ట్యాంకరువా అని కూడా అడగండి, నవ్వుకుంటే నవ్వుకోనీ. 2024 ఎండాకాలంలో ఇక్కడ నీళ్లకి పడ్డ పాట్లు మేం మర్చిపోలేదు.

ఇంటి దగ్గరా, ఆఫీసు దగ్గరా అంటే నేను ఇంటి దగ్గరే అంటాను. మీకు మీటింగ్ ఉంటే మీవారు తెచ్చుకోవచ్చు, ఇంటి నుంచి పనిచేసే రోజున పిల్లని రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో తిప్పక్కర్లేదు. 2022 సెప్టెంబర్‌లో ఆ రోడ్డు మునిగిన రోజు సాయంత్రం పిల్లాడి కోసం నేను పడ్డ నరకం ఎవరికీ వద్దు.

ఆఫీసులో హెచ్‌ఆర్‌ని మాత్రం అడగండి. 2017 నుంచి 50 మంది, అంతకన్నా ఎక్కువ ఉన్న సంస్థ క్రెష్ వసతి ఇవ్వాలని చట్టం ఉంది, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూసి రావచ్చు. సొంతంగా నడపలేని కంపెనీలు కొన్ని బయటి డేకేర్‌తో మాట్లాడుకుని ఫీజులో కొంత భరిస్తాయి. అడక్కపోతే వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఇంకోటి, మొదటి మూడు నెలలకి మీ సెలవులు దాచుకోండి. జలుబు, జ్వరం, చేతుల మీదా కాళ్ల మీదా నోట్లోనూ పొక్కులొచ్చే ఆ హ్యాండ్ ఫుట్ మౌత్, ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. జ్వరమున్న పిల్లని రానివ్వని డేకేరే మంచిది, ఆ రోజు మనకి ఎంత కోపమొచ్చినా సరే.

ఎలక్ట్రానిక్ సిటీ నుంచి

అక్క చెప్పింది కరెక్టే కానీ డేకేర్ ఫీజు అందరూ కట్టలేరు కదా. మాది కదిరి, నేను క్యాబ్ నడుపుతాను. మా పాప మూడో ఏట నుంచి అంగన్‌వాడీకే వెళ్లింది. మన రేషన్ కార్డు ఆంధ్రాది, రానిస్తారో లేదో అనుకున్నాం గానీ ఆధార్, పుట్టిన సర్టిఫికెట్ చూసి రాసుకున్నారు. గుడ్డు పెడతారు, పాలిస్తారు, ఈ పాల పథకం ఇక్కడ 2013 నుంచి ఉంది. మధ్యాహ్నం దాటాక మూసేస్తారు, అదొక్కటే ఇబ్బంది. మా ఆవిడ ఇంట్లో ఉంటుంది కాబట్టి మాకు సరిపోయింది, మీకు కుదరదేమో.

కన్నడం మాత్రం నెలలో పట్టేసింది. ఒకరోజు ఇంటికొచ్చి "హాలు, హాలు" అని ఏడుస్తుంటే హాల్లోకి తీసుకెళ్లి కూర్చోబెట్టాను. పాపం పాలు అడుగుతోందని ఎదురింటావిడ చెప్పేదాకా తెలియలేదు. ఎలాగూ 2015 చట్టం ప్రకారం ఇక్కడి బడుల్లో కన్నడం నేర్చుకోవాల్సిందే, చిన్నప్పుడే వస్తే మంచిదే కదా.

అసలు చెప్పాలనుకున్నది ఇది. తొందరపడి నర్సరీలో వేయకండి. కర్ణాటకలో ఒకటో తరగతికి జూన్ 1 నాటికి ఆరేళ్లు నిండాలన్నారు. 2025-26లో ఆ ఒక్క ఏడాదికి ఐదేళ్ల ఐదు నెలలకి సడలించారు. పాపకి ఆరేళ్లు నిండే తేదీ నుంచి వెనక్కి లెక్కేసుకుని ఎప్పుడు వేయాలో చూసుకోండి. మా పక్కింటి పిల్లాణ్ణి ముందే చేర్పించి, వయసు చాలక యూకేజీ రెండుసార్లు చదివించారు, ఫీజూ రెండుసార్లే.

మళ్లీ కుందలహళ్లి నుంచి

చాలా థ్యాంక్స్ అండి ఇద్దరికీ. హెచ్‌ఆర్‌కి ఇప్పుడే మెయిల్ పెట్టాను. ఇంటి దగ్గర రెండు డేకేర్లు అనుకున్నాం, ఈ శనివారం ఇద్దరం ఖాళీ, అన్నాల వేళకే వెళ్తాం. పాపని కూడా తీసుకెళ్లనా?

మారతహళ్లి నుంచి

మొదటిసారి వద్దు, పాప వెంట ఉంటే మీ కళ్లన్నీ తన మీదే ఉంటాయి. శనివారం కూడా వద్దు, ఆ రోజు సగం మంది పిల్లలు రారు, అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. ఒక పూట సెలవు పెట్టి సోమవారం వెళ్లండి.