పిల్లల మూర్ఛకి ఎయిమ్స్ ఆపరేషన్ పేపర్లో 77 శాతం, సీబీడీ మందు పేపర్లో 43 శాతం: ఎలా పోల్చాలి?

గాజువాక_అమ్మ:
పాపకి ఆరేళ్లు. రెండు మందులు వాడినా ఫిట్స్ ఆగలేదు. వచ్చే వారం విశాఖ కేజీహెచ్‌లో న్యూరాలజీ ఓపీకి తీసుకెళ్తున్నాం. ఈలోగా 2017లో వచ్చిన రెండు ట్రయల్స్ చదివాను. ఢిల్లీ ఎయిమ్స్ వాళ్ల ఆపరేషన్ పేపర్లో 77 శాతం అని ఉంది. డ్రావె (పసితనంలోనే మొదలయ్యే తీవ్రమైన మూర్ఛ) ఉన్న పిల్లలకి సీబీడీ (గంజాయి మొక్క నుంచి తీసే, మత్తు ఇవ్వని మందు) సిరప్ ఇచ్చిన పేపర్లో 43 శాతమే. ఆపరేషనే నయమనుకోవచ్చా?

సాగర్‌నగర్_77:
ఆ రెండు పేపర్లూ లెక్కపెట్టింది ఒకటి కాదండీ. 77 శాతం అంటే ఏడాది తర్వాత ఫిట్స్ పూర్తిగా లేని పిల్లలు, 57 మందిలో 44 మంది. 43 శాతం అంటే ఫిట్స్ కనీసం సగం తగ్గినవాళ్లు. నెలకి ఇరవై వచ్చే బిడ్డకి పది వచ్చినా ఆ లెక్కలో పడుతుంది. సీబీడీతో పూర్తిగా ఆగింది 5 శాతం మందికే.

ఇంకో సంగతి, మందు కలపని సిరప్ తాగినవాళ్లలోనూ 27 శాతం మందికి సగం తగ్గాయి. ఫిట్స్ వాటంతటవే పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. తరచూ బాగా పెరిగిన రోజుల్లో పిల్లల్ని ట్రయల్‌లో చేరుస్తారు, తర్వాత కొంత తగ్గడం మామూలే. అందుకే మందు బలం తెలియాలంటే 43కీ 27కీ మధ్య తేడా చూడండి. ఎయిమ్స్‌లో మందుల మీదే ఉంచిన 59 మందిలో ఫిట్స్ ఆగింది నలుగురికే. అక్కడ తేడా నిజంగా పెద్దది.

ఈఈజీ_రూమ్:
పై లెక్క సరైనదే. కానీ ముందు చదవాల్సింది ఎవర్ని చేర్చుకున్నారన్న పేరా. ఎయిమ్స్ ట్రయల్‌లో చేరినవాళ్లంతా మందులకి లొంగని మూర్ఛ ఉండి, పరీక్షలన్నీ చేశాక ఆపరేషన్‌కి పనికొస్తారని తేలిన పిల్లలు. మీ పాప ఆ గుంపులో ఉందో లేదో ఇంకా తెలియదు. 77 శాతం ఆమెకి వర్తిస్తుందని ఇప్పుడే అనుకోవద్దు.

ప్రమాదాల పట్టిక అస్సలు వదలకండి. 57 మందిలో 19 మందికి తీవ్రమైన ఇబ్బందులొచ్చాయి. వాళ్లలో 15 మందికి ఒక పక్క కాలూ చెయ్యీ బలహీనపడ్డాయి. మెదడులో ఒక సగాన్ని వేరుచేసే ఆపరేషన్‌కి ఇది ముందే తెలిసిన నష్టం. టెంపొరల్ లోబ్ (మెదడులో చెవి పక్కన ఉండే భాగం) ఆపరేషన్‌కి లెక్క వేరు. ఏ ఆపరేషన్ గురించి మాట్లాడుతున్నారో తెలియకుండా శాతాలు చూసి లాభం లేదు.

మందులు ‘ఫెయిల్’ అయ్యాయనడానికీ నియమం ఉంది. ఆ రకం మూర్ఛకి తగిన మందు, సరిపడా మోతాదులో వాడినా ఆగకపోతేనే లెక్క. డ్రావెలో కార్బమజెపిన్, లామోట్రిజిన్, ఫెనిటోయిన్ ఫిట్స్‌ని పెంచగలవు. అలాంటి మందు పనిచేయలేదంటే అది లెక్కలోకి రాదు.

మధురవాడ_నర్స్:
ఓపీకి ఎమ్మారై ఫిల్ములతో పాటు సీడీ కూడా పట్టుకెళ్లండి, సన్నటి మచ్చలు ఫిల్ములో తప్పిపోతాయి. ఒక్కో మందూ గరిష్ఠంగా ఎన్ని మిల్లీగ్రాములు ఇచ్చారు, అప్పటి బరువెంత, ఎందుకు ఆపారు అన్నీ కాగితం మీద రాయండి. ఈలోగా ఏ మందూ మీరుగా ఆపొద్దు. ఫిట్ వస్తే దుప్పటి తీసేసి, ముఖమూ కాళ్లూ చేతులూ కనబడేలా వీడియో తీయండి. ఏ పక్క మొదలైందో అందులో తెలియాలి. ఒకరు వీడియో తీస్తుంటే ఇంకొకరు పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. 5 నిమిషాలు దాటితే వీడియో వదిలేసి, డాక్టరు రాసిచ్చిన మిడజోలం స్ప్రే ముక్కులో కొట్టి 108కి ఫోన్ చేయండి. స్ప్రే ఇంకా రాయకపోతే ఈ ఓపీలోనే అడగండి.