ఉయ్‌ఘర్ మిత్రుడి అసైలం: బిల్లు పాసయ్యేదాకా ఆగాలా?

ప్రశ్న: నమస్తే అండి. నాతో మాస్టర్స్ చేస్తున్న ఉయ్‌ఘర్ (చైనాలోని షిన్‌జియాంగ్ ప్రాంతపు ముస్లిం జాతి) అబ్బాయి గురించి అడుగుతున్నాను. అమెరికాకి ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చి ఏడాది దాటింది, చైనా పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడింది. ఉయ్‌ఘర్ల కోసం అమెరికా ప్రత్యేక చట్టం చేసిందని ఒకరు, అది ఇంకా బిల్లేనని ఇంకొకరు అంటున్నారు. ఆగాలా, ఇప్పుడే అసైలం (ఆశ్రయం) కోసం దరఖాస్తు వేయాలా? ఏడాది దాటితే ఇక కుదరదట, ఆ టెన్షన్‌తో నిద్ర పోవట్లేదు పాపం.

జవాబు: ఆగొద్దని చెప్పండి. ఉయ్‌ఘర్ల పేరుతో పాసైన చట్టాలు ఉన్నాయి గానీ అవి వేరే పనికి. 2020లో వచ్చింది అణచివేతకు కారకులైన అధికారుల మీద ఆంక్షలకు, 2021 డిసెంబర్‌లో వచ్చింది షిన్‌జియాంగ్‌లో బలవంతపు చాకిరీతో తయారైన సరుకు దిగుమతి కాకుండా ఆపడానికి. ఈ రెంటిలో ఏదీ ఎవరికీ ఆశ్రయం ఇవ్వదు. ఆశ్రయం సంగతి చెప్పేది ‘ఉయ్‌ఘర్ హ్యూమన్ రైట్స్ ప్రొటెక్షన్ యాక్ట్’ అనే బిల్లు. 2021లో అమెరికా కాంగ్రెస్ (పార్లమెంటు) రెండు సభల్లోనూ పెట్టారు, ఆ కాంగ్రెస్ గడువు ముగిసేలోగా పాసవలేదు, దాంతో అక్కడితోనే రద్దయిపోయింది. పాసై ఉన్నా అందులో ముఖ్యమైన పీ-2 కేటగిరీ (ప్రత్యేక ప్రాధాన్యం ఇచ్చే వర్గం) రెఫ్యూజీలకు, అంటే అమెరికా బయట ఉన్నవాళ్ళకు. 1989లో సోవియట్ యూదులకు రెఫ్యూజీ హోదా సులువుగా దొరికేలా లాటెన్‌బర్గ్ సవరణ తెచ్చినట్టు వీళ్ళకూ తేవాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను, కానీ దాని మీద ఆశ పెట్టుకుని మీ ఫ్రెండ్ రోజులు పోగొట్టుకోకూడదు.

అమెరికాలో ఉన్న మనిషికి ఇప్పుడున్న మామూలు అసైలం చట్టమే దారి. దానికి దరఖాస్తు ఫారం ఐ-589. వచ్చిన ఏడాదిలోపు వేయాలన్న రూల్ నిజమే, కానీ మినహాయింపు ఉంది: ఎఫ్-1 లాంటి స్టేటస్ చెల్లుబాటులో ఉన్నంతకాలం ఏడాది దాటినా ఆలస్యానికి దాన్ని కారణంగా చూపించవచ్చు. స్టేటస్ పోయాక మాత్రం నెలల తరబడి నాన్చితే ఆ వాదన నిలబడదు, కాబట్టి చదువు అయిపోకముందే వేయడం మేలు. కాలేజీ ఇచ్చే కొత్త, పాత ఐ-20లు అన్నీ, అమెరికాలోకి వచ్చిన రికార్డు ఐ-94 ప్రింట్ తీసి పెట్టుకోమనండి, స్టేటస్ ఎక్కడా తెగలేదని చూపించేవి అవే.

ప్రశ్న: థాంక్స్ అండి, చాలా ధైర్యం వచ్చింది. పాస్‌పోర్ట్ గడువు అయిపోతే? అతని భార్య షిన్‌జియాంగ్ రాజధాని ఉరుమ్‌చీలోనే ఉంది.

జవాబు: గడువు తీరిన పాస్‌పోర్ట్‌తో కూడా అసైలం వేయొచ్చు. విదేశాల్లో ఉన్న ఉయ్‌ఘర్లకు చైనా ఎంబసీలు పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయకుండా ఊరికి రమ్మన్న సంఘటనలు చాలానే ఉన్నాయి, అలా అన్నారని ఎక్కడికీ వెళ్ళొద్దు. ఎంబసీవాళ్ళు రాసిచ్చింది ఏదైనా ఉంటే అది కేసులో సాక్ష్యం. భార్యను ఐ-589లోనే తప్పకుండా రాయాలి. అసైలం వచ్చాక రెండేళ్ళలోపు ఆమెను రప్పించుకునే ఫారం ఐ-730 వేయాలి, ఆమె బయటకు రాగలగడం వేరే కష్టం అనుకోండి. నింపేముందు లైసెన్స్ ఉన్న లాయర్‌కి చూపించండి. ఇమిగ్రేషన్ కోర్టుల వెబ్‌సైట్‌లో ఉచితంగా వాదించేవాళ్ళ జాబితా ఉంటుంది, కన్సల్టెంట్ల చేతిలో మాత్రం పెట్టొద్దు. ఇంకోటి, అసైలం వేసిన సంగతి ఇక్కడి ప్రభుత్వం చైనాకు చెప్పదు, అతను కూడా ఇంటివాళ్ళతో చైనా మెసేజింగ్ యాప్ వీచాట్‌లో ఈ ఊసే ఎత్తకూడదు.